కొండ మీది చేదు

బళ్లారిలో డాక్టరు తూకం మీద నిలబెట్టినప్పుడు మాణిక్యం డెబ్భై రెండు పౌన్లు తూగింది. ఇరవై మూడేళ్ల మనిషి. రెండేళ్లుగా నెత్తురు విరేచనాలు. రోజుకు పది సార్లు, పన్నెండు సార్లు, ఒక్కోసారి లెక్క పెట్టే ఓపిక కూడా ఉండేది కాదు. తిన్నది ఒంటికి పట్టదు, పట్టిన నెత్తురు నిలవదు.

"బంక విరేచనాలకు ఇచ్చే ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి. లొంగలేదు," అన్నాడు డాక్టరు ఆమె భర్త శ్రీమన్నారాయణతో. "పెద్దపేగు లోపలంతా పుండు పడి ఉంది. ఎందుకు పడుతుందో మాకూ తెలియదు. మద్రాసులో ఆ పేగు కోసి తీసేస్తారు. చేయించుకుంటే బతికే అవకాశం సగం. చేయించుకోకపోతే ఎంతో నేను చెప్పలేను."

శ్రీమన్నారాయణ పిరికివాడేం కాదు. తుంగభద్ర కాలవకు నీళ్లు వచ్చిన కొత్తలో కృష్ణా జిల్లాలో ఉన్న మూడెకరాలూ అమ్ముకుని, హగరి ఏటి దగ్గర వలస రైతుల క్యాంపులో తుమ్మ చెట్లు కొట్టి, పాముల్ని తోలి, పన్నెండెకరాలు వరిమడి చేసినవాడు. అలాంటివాడు ఆ 'సగం' అన్న మాట దగ్గర బెంచీ మీద కూలబడ్డాడు. మాణిక్యం మాత్రం నిలబడే ఉంది. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం, అదొక కారణం. రెండో కారణం, ఆమె తత్వమే అది.

"పేగు తీసేశాక మలం ఎటు పోతుందండీ?" అని అడిగింది.

డాక్టరు మంచివాడు, దాచలేదు. పొట్ట పక్కన వేలు పెట్టి, ఇక్కడ కన్నం పెట్టి సంచి కడతారమ్మా అన్నాడు.

"అది ఆఖరున చూద్దాం లెండి," అంది.

ఆఖరుకు ముందు ఏముందో వాళ్ల పొలంలో నాట్లు వేసే ఉచ్చెంగమ్మ చెప్పింది. సండూరు తాలూకా బండ్రిలో ఓబులమ్మ అనే ముసలామె నెత్తురు బంకకు మందిస్తుందని, తన చిన్నాయన కూతురు ఆ మందుతోనే బతికిందని. శ్రీమన్నారాయణకు నమ్మకం లేదు. కానీ ముందు నుయ్యి, వెనక గొయ్యిగా ఉన్నవాడు పక్కకు చూడక ఏం చేస్తాడు? భార్యను బస్సులో పడుకోబెట్టి బండ్రి తీసుకుపోయాడు.

ఓబులమ్మకు డెబ్భై ఏళ్లు. నిటారు మనిషి, నోరు మరీ నిటారు. మాణిక్యాన్ని మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కింది, నాలుక చూసింది, కంటి రెప్ప కిందికి లాగి చూసింది. విరేచనం రంగు అడిగింది, వాసన అడిగింది, పొద్దున ఎక్కువా మాపటికి ఎక్కువా అని అడిగింది. బళ్లారి డాక్టరు కూడా అన్ని అడగలేదు. శ్రీమన్నారాయణకు కొంచెం ధైర్యం వచ్చి, ధైర్యంతో పాటు ఎకసెక్కమూ వచ్చింది.

"వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడంటారు. మీరు ఎంతవరకు వచ్చారండీ?" అన్నాడు.

"నా మందుతో ఇంగా ఒక్కరు గూడా సావలేదప్పా," అంది ఓబులమ్మ. "అంటే నేను వైద్యురాలు కాదనే లెక్క. ఇను. పదిమందిలో ఆరుమందికి ఈ మందు కట్టుబడతాది. నలుగురికి పడదు. నీ పెండ్లాము ఆరుమందిలో ఉండాదో నలుగురిలో ఉండాదో నాకు తెల్దు. నలభై ఎనిమిది దినాలు ఈడ్నే ఉండల్ల. ఊరి పొలిమేర దాటితే మందు పని చెయ్యదు. నేను పెట్టిందే తినల్ల. మందు ఏ చెట్టుదని మాత్రం అడగగూడదు. పేరు బయట పడిన దినము మందు సచ్చిపోతాది. మా అత్త నాకు సెప్పిన మాట."

"అడగనవ్వా," అంది మాణిక్యం.

ఆమె ఆ ఇంట్లో వాకిటి పక్క గదిలో ఉండిపోయింది. శ్రీమన్నారాయణ వారానికొకసారి వచ్చి చూసి పోయేవాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే ఆడవాళ్లు, ఓబులమ్మా, ఆమె కోడలు హనుమక్కా. హనుమక్క మొగుడు సండూరు గనుల్లో పని చేస్తూ పండక్కో పబ్బానికో వచ్చేవాడు. ఎనిమిదేళ్లుగా ఆ కోడలు అత్తకు నీళ్లు తోడుతోంది, మేకల్ని మేపుతోంది, రోగులకు జావ కాచి పోస్తోంది. మందు దంచే గదిలోకి మాత్రం ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. ఓబులమ్మ ఆదివారం తెల్లవారుజామున ఒంటరిగా కొండకు పోయేది, కొంగులో ఏదో మూట కట్టుకుని వచ్చేది, తలుపు మూసుకుని దంచేది. బయటికి రోకటి చప్పుడు వినబడేది. తరువాత కంచు గిన్నెలో కషాయం వచ్చేది.

ఆ చేదు చెప్పనలవి కాదు. నాలుక కొసకు అసలేమీ తెలియదు. ఏ రుచీ లేదని మోసపోయి మింగబోయే లోపు నాలుక నడుమ చేదు లేస్తుంది. మింగాక గొంతు వెనక్కి పోయి అక్కడ తిష్ఠ వేస్తుంది. మధ్యాహ్నం దాకా కదలదు. గిన్నె అంచుకు జిగట అంటుకుని, ఎండితే పాలమీగడలా పొరలు లేచేది. మాణిక్యం మొదటి నాడు కక్కబోయి, ఓబులమ్మ చూపు చూసి మింగేసింది. పథ్యం మరీ అన్యాయం. పాత బియ్యం జావ, మేక మజ్జిగ, మళ్లీ జావ. అయినా మాట దాటలేదు. వారం తిరిగేసరికి పన్నెండు సార్లు తొమ్మిది అయ్యాయి. రెండో వారానికి ఆరు. ఇరవై ఒకటో రోజున మూడు సార్లే పోయింది, నెత్తురు చారగా మాత్రమే కనబడింది. ఆ సాయంత్రం ఆమెకు ఆకలి వేసింది. రెండేళ్ల తరువాత ఆకలి వేస్తే ఏడుపొస్తుందని ఆమెకు ముందు తెలియదు.

ఇరవై రెండో రోజు పొద్దున ఓబులమ్మ గడప దాటబోయి పడిపోయింది. లేవదీసేసరికి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. నోరు ఒక పక్కకు పోయింది. మాట లేదు. కళ్లు మాత్రం ఎప్పటిలాగే అందర్నీ కొరకొర చూస్తున్నాయి.

జాడీలో ఉన్న పొడి రెండు రోజులకు వచ్చింది. అది అయిపోయిన అయిదో రోజుకు మాణిక్యానికి నెత్తురు మళ్లీ మొదలైంది.

"నువ్వు భయపడాకమ్మా, నాకు తెలుసు," అంది హనుమక్క గొంతు తగ్గించి. అత్త వినకుండా ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది. "రెండేండ్ల కిందట నేను ఆయమ్మ ఎనకాలే కొండకు పోయినా. పొదల సాటున నక్కినా. యా చెట్టు పట్ట తీసిందో నా కండ్లారా సూసినా. తప్పే. కానీ ఈ పొద్దు అదే మనకు దిక్కాయె గదా. తెస్తా ఉండు."

తెచ్చింది. తలుపు మూసుకుని దంచింది, కాచింది, అదే కంచు గిన్నెలో తెచ్చి ఇచ్చింది. మాణిక్యం ఒక గుక్క నోట్లో పెట్టుకుని ఆగింది. చేదు ఉంది. కానీ అది నాలుక మీదే పుట్టి నాలుక మీదే చచ్చిపోయింది. గొంతు వెనక్కి పోలేదు.

"ఇది కాదక్కా."

"కాకపోయేదేంది? నేను సూసినా అంటాండానే!"

"నువ్వు చూశావు. నేను ఇరవై మూడు రోజులు తాగాను."

హనుమక్కకు కోపం వచ్చింది. కన్ను గొప్పదా నాలుక గొప్పదా అని ఇద్దరాడవాళ్లు పెరట్లో వాదులాడుకున్నారు. ఆ మధ్యాహ్నమే వచ్చిన శ్రీమన్నారాయణ తీర్పు చెప్పాడు. "రోగిష్టి నాలుక నీది, మాణిక్యం. జ్వరంలో పంచదార కూడా చేదే. ఆవిడ కళ్లతో చూశానంటోంది. తాగు." మాణిక్యం మూడు రోజులు తాగింది. నాలుగో రోజుకు నెత్తురు గడ్డలుగా పడింది. కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడింది.

శ్రీమన్నారాయణ ఇక ఊరుకోలేదు. మద్రాసుకు రాసేశాడు. వచ్చే బుధవారానికి ఆసుపత్రిలో మంచం దొరికింది, మంగళవారం పొద్దున బళ్లారి నుంచి అద్దె కారు తెస్తానన్నాడు.

"అంటే నాకు ఎనిమిది రోజులుంది," అంది మాణిక్యం.

"దేనికి?"

"చెట్టు వెతుక్కోవడానికి."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. పెరడు దాకా నడవలేని మనిషి కొండంత మాట అంటోంది. తిడదామనుకుని మానేశాడు. ఏం చెప్పినా వినదని పెళ్లయిన నాలుగో రోజే తెలిసిన సంగతి.

అతను వెళ్లాక ఆమె ఆ పట్ట ముక్క తీసుకుని నేరుగా ఓబులమ్మ మంచం దగ్గరికి పోయింది. వెనక హనుమక్క వద్దు వద్దంటూనే వచ్చింది.

"అవ్వా, ఇది నీ మందేనా?"

ముసలామె పట్ట వైపు చూసింది. తరువాత కోడలి వైపు చూసింది. చూసి, మొహం గోడకు తిప్పుకుంది. ఎడమ కంట్లోంచి నీరు ముక్కు మీదుగా దిండు మీదికి జారింది.

మాణిక్యానికి అప్పుడు తెలిసింది. ముసలామెకు వెనక ఎవరో వస్తున్నారని తెలుసు. తెలిసి, కావాలనే వేరే చెట్టు దగ్గర కూర్చుని పట్ట తీసింది. దొంగను దొంగదారిలోనే పంపించింది.

హనుమక్కకూ తెలిసింది. ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. "ఎనిమిదేండ్లు," అంది. "ఎనిమిదేండ్లు ఈయమ్మ కాళ్లు ఒత్తినా. ఈ పక్షము రోజులు మలమూత్రాలు ఎత్తినా. నన్ను ఆ పొద్దే దొంగను చేసి పెట్టింది. నన్ను నమ్మలే. నేనెవర్ని మల్ల ఈ ఇంట్లో?" ఆ దుఃఖం నిజమైన దుఃఖం, ఓదారిస్తే తగ్గేది కాదు. మాణిక్యం ఓదార్చలేదు కూడా.

"అక్కా, కొండ నీకు తెలుసు. చేదు నాకు తెలుసు. ఏడవడం తరువాత ఏడుద్దువు గానీ, బండి ఎవరి దగ్గరుందో చెప్పు," అంది.

బండి ఉరుకుందప్ప దగ్గరుంది. ఉరుకుందప్ప మేకలవాడు, కొండంతా వాడి మేకలు కొరికి రుచి చూసిందే. వాడు మాణిక్యాన్ని గడ్డి పరిచిన బండిలో, పొలిమేర లోపలే ఉన్న కొండ మొదలు దాకా తీసుకుపోయాడు. అక్కడి నుంచి కంబళి ఝోలీ కట్టి, వాడొక పక్క హనుమక్క ఒక పక్క మోశారు. డెబ్భై పౌన్లకు దిగిపోయిన మనిషిని మోయడం కష్టమేమీ కాలేదని వాడే అన్నాడు. ఆ మాటకు మాణిక్యం నవ్వింది. బలహీనత వల్ల కలిగిన లాభం జీవితంలో అదొక్కటే.

నీడలో ఒక బండ మీద ఆమెను కూర్చోబెట్టారు. ఆమె ఆలోచించి పెట్టుకున్న పద్ధతి ఇదీ. గిన్నె అంచున జిగట ఉండేది కాబట్టి అది పాలు కారే చెట్టు. కాబట్టి పాలు కారే చెట్ల పట్టే తేవాలి, వేరేవి వద్దు. ఒక్కో ముక్క తను నమిలి, ఉమ్మి, నోరు పుక్కిలించి, గుక్కెడు జావ తాగి, మళ్లీ ఇంకొకటి నమలాలి.

"విసము చెట్లుంటాయమ్మా," అన్నాడు ఉరుకుందప్ప.

"నీ మేకలు ఏవి తిని చచ్చాయో అవి తేవద్దు. తినకుండా వదిలేసినవి తీసుకురా. అంత చేదు ఏ మేకా తినదు."

వాడు తల గోక్కుని, "హౌదు, అదీ నిజమే," అన్నాడు.

మొదటి రోజు ఏడు చెట్లు. ఒకటి నాలుక మీద బొబ్బ లేపింది, ఒకటి నోరంతా మొద్దుబార్చింది. ఏదీ కాదు. మధ్యలో మూడుసార్లు హనుమక్క ఆమెను పొదల చాటుకు ఎత్తుకుపోవాల్సి వచ్చింది. రెండో రోజు అయిదు చెట్లు. అవీ కావు. చేదులో ఇన్ని రకాలుంటాయని మాణిక్యానికి ముందు తెలియదు. మూడో రోజు ఉరుకుందప్ప కూడా నీరసపడి, "సాకమ్మా, ఇంగ చాలు, ఇంటికి పోదాము," అన్నాడు. ఆమె వినలేదు. నాలుగో రోజూ వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టని ఊళ్లో నవ్వుకుంటున్నారని హనుమక్క చెప్పింది. ఎలుకైనా సరే, పడితే చాలు అంది మాణిక్యం.

ఆ నాలుగో రోజు పొద్దు వాలే వేళ హనుమక్క ఒక ముక్క తెచ్చి విసుగ్గా చేతిలో పెట్టింది. "ఇది మా అత్త నాకు సూపించి మోసము చేసిన ఆ దొంగచెట్టు జాతే మల్ల. పది అంగల్లో ఇంగొకటి ఉంటే కోసుకొచ్చినా. ఊరికే సూడు."

మాణిక్యం నమిలింది. నాలుక కొసకు ఏమీ తెలియలేదు. ఆమె కళ్లు మూసుకుంది. నాలుక నడుమ లేచింది. మింగింది. అది మెల్లగా గొంతు వెనక్కి పోయి కూర్చుంది, సొంత ఇంట్లో కూర్చున్నంత నింపాదిగా.

"ఇదే," అంది. "అక్కా, ఇదే. ఇదే. నన్నా చెట్టు దగ్గరికి తీసుకుపో."

రెండు చెట్లూ పక్కపక్కనే తోడికోడళ్లలా ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే ఆకు, రెండింటికీ పాలు. ఉరుకుందప్ప కాయలు చూపించి తేడా చెప్పాడు. దొంగచెట్టు కాయలు జంటగా పుట్టి కొసలు అంటుకుని ఉన్నాయి. దీని కాయలూ జంటే, కానీ కొసలు విడివిడిగా వేలాడుతున్నాయి. అయితే ఆ గుర్తు కూడా అక్కర్లేకపోయింది. మాను వెనక వైపు, నడుం ఎత్తున, పట్ట తీసిన గాట్లు వరసగా ఉన్నాయి. కొత్తవి ఎర్రగా, వాటి పక్కవి మానిపోతూ, ఇంకా పక్కవి ఎన్నేళ్లవో పూర్తిగా మూసుకుపోయి. ఒక్కసారి కూడా చుట్టూ కోయలేదు, చెట్టు చావకూడదని. హనుమక్క ఆ గాట్ల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. అత్త నలభై ఏళ్ల పని ఆమె మొదటిసారి చూస్తోంది.

పట్ట తెచ్చారు. హనుమక్క అలవాటు కొద్దీ తలుపు మూసి దంచింది. మాణిక్యం తాగింది. తాగిన ఘడియకే కక్కేసింది. మర్నాడూ అంతే. కడుపులో పేగులు మెలిపెట్టినట్టయి మంచం కోడు పట్టుకుని వంగిపోయింది. చెట్టు అదే, చేదు అదే, మందు మాత్రం కడుపులో నిలవదు.

"పేరు బయట పడింది గదమ్మా," అంది హనుమక్క భయపడిపోయి. "ముగ్గురికి తెలిసిపాయె. మందు సచ్చిపోయింది. పైగా నాది హస్తవాసి కాదు. ఆయమ్మ నాకు ఇయ్యలే. దొంగతనంగా తెచ్చింది పని చేస్తాదా?"

"చెట్టుకు మన సంగతులు తెలియవక్కా. మనం ఎక్కడో తప్పు చేస్తున్నాం. రేపు మళ్లీ కాచు."

మంగళవారం పొద్దున అద్దె కారు వాకిట్లో ఆగింది. శ్రీమన్నారాయణ దిగి వచ్చి భార్యను చూశాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. గోడ పట్టుకుని గడప దాకా వచ్చి, ద్వారబంధం రెండు చేతులా పట్టుకుంది.

"పద మాణిక్యం."

"నేను రాను."

"చచ్చిపోతావే!"

"మద్రాసులో సగం, ఇక్కడ సగం. అక్కడ పేగు పోతుంది, ఇక్కడ పోదు. నాకు ఈ సగం కావాలి. చెట్టు దొరికిందండీ. కాచే పద్ధతి దొరకలేదు, అంతే. ఇంకో నాలుగు రోజులు."

"నాలుగు రోజులు నువ్వు ఉంటేనా!" అని అరిచాడు శ్రీమన్నారాయణ. అరిచి, ఏడ్చాడు. కారు డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. అతను ఆమె చేతులు ద్వారబంధం మీంచి విడదీయబోయాడు. నీరసపు వేళ్లే, కానీ విడివడలేదు.

అప్పుడు లోపల్నుంచి దబదబమని చప్పుడైంది. ఓబులమ్మ ఎడమ చేత్తో మంచం పట్టెను కొడుతోంది. హనుమక్క పరుగెత్తింది. ముసలామె కళ్లతో మూలనున్న పట్టల మూట చూపించింది. తెచ్చి ఒళ్లో పెట్టారు. పట్ట చేతికి రాగానే ఓబులమ్మ తలెత్తి చూసింది. వాకిట్లో పరాయి మగవాళ్లు ఇద్దరు, గడపలో రోగి, కారు చూడ్డానికి వచ్చిన ఊరి పిల్లలు, వాళ్ల వెనక తల్లులు. హనుమక్క ఆ చూపు అర్థం చేసుకుని తలుపు వేయబోయింది.

"బేడ," అంది ఓబులమ్మ.

పడిపోయిన నాటి నుంచి ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. వంకర నోట్లోంచి ముక్కలుగా వచ్చింది, కానీ వద్దన్నదని అందరికీ తెలిసింది. హనుమక్క చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

ముసలామె పట్టను ఒళ్లో అదిమిపెట్టి ఎడమ బొటనవేలి గోరుతో పై బెరడు గీకడం మొదలుపెట్టింది. అలవాటు లేని చెయ్యి. జారింది, మళ్లీ పట్టుకుంది. గరుకు పొర ఊడి కింద పడింది. లోపల లేత పసుపు రంగు పొర కనబడ్డాక, దాన్ని పైకెత్తి కోడలికి చూపించింది. కింద పడినదాన్ని వేలితో దూరంగా నెట్టింది. వీళ్లు ఇన్ని రోజులూ గీకకుండా అంతా కలిపి దంచారు. కడుపులో నిలవనిది ఆ గరుకు బెరడే. తరువాత మూడు వేళ్లు కలిపి చిటికె చూపించింది. హనుమక్క వేసింది గుప్పెడు. తరువాత మేక కట్టేసిన వైపు చెయ్యి చూపించింది. ఉత్త నీళ్లలో కాదు, కాసిని మేకపాలు పోసి కాచాలి; ఆ చేదు కింద పాల రుచి ఇన్నాళ్లూ మాణిక్యానికి తెలియలేదు. అంతా చెప్పేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. నలభై ఏళ్లు ఎవరికీ వీపు తప్ప చూపించని మనిషి, ఊరందరి ముందూ మందు చేసి చూపించింది.

శ్రీమన్నారాయణ ఇదంతా గడపలో నిలబడి చూశాడు. కాసేపటికి చొక్కా చేతులు పైకి మడిచి రోలు దగ్గరికి పోయాడు. "రోకలి ఇలా ఇవ్వమ్మా," అన్నాడు హనుమక్కతో. "మీరు గీకండి, నేను దంచుతాను." పన్నెండెకరాల ఆసామి రోకలి పట్టుకుంటే బయట తల్లులు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అతను పట్టించుకోలేదు. కారు ఖాళీగా బళ్లారి వెళ్లిపోయింది.

ఆ రోజు మాణిక్యం తాగిన మందు కడుపులో నిలిచింది. మర్నాడూ నిలిచింది. అంతమాత్రాన నెత్తురు వెంటనే ఆగలేదు. ఆ వారమంతా ఆమె చావుకూ బతుక్కూ మధ్యే ఉంది, హనుమక్క చెంచాతో జావ పోస్తే మింగడమే ఆమె చేసిన పని. రెండో వారానికి పోయే సార్లు తగ్గాయి. పదిహేడో రోజున నెత్తురు కనబడలేదు. ఆమె నమ్మలేక హనుమక్కను పిలిచి చూపించింది. ఇద్దరూ చూసిందే చూసి, పెరట్లో ఒకళ్లనొకళ్లు పట్టుకుని పిచ్చివాళ్లలా నవ్వారు. అలాంటి దానికి కూడా మనుషులు నవ్వుతారా అంటే, రెండేళ్లు నెత్తురు చూసినవాళ్లు నవ్వుతారు.

జబ్బు వేళ్లతో సహా పోయిందని చెప్పను. ముసలామె కూడా అలా చెప్పలేదు, కట్టుబడుతుందన్నది గానీ పోతుందనలేదు. కానీ ఆ మందు మొదలుపెట్టిన నలభై ఎనిమిదో రోజుకు మాణిక్యం తన కాళ్ల మీద బావి దాకా పోయి, చిన్న బిందె నింపుకుని తిరిగి వచ్చింది.

ఆ రోజు పథ్యం విరిచే రోజు. ఆ ఇంట్లో దానికో ఆచారం ఉంది. మందిచ్చిన మనిషే ఉప్పూ పులుపూ కారమూ కలిపిన మొదటి ముద్ద తన కుడి చేత్తో రోగి నోట్లో పెట్టాలి. ఆ ముద్ద పడ్డాకే మందు పూర్తయినట్టు లెక్క. హనుమక్క చింతపండు పులుసు చేసి, వేడి అన్నంలో కలిపి, పళ్లెం అత్త ముందు పెట్టింది. శ్రీమన్నారాయణ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఓబులమ్మ పళ్లెం వంక చూసి, తన కుడి చెయ్యి వంక చూసుకుంది. అది ఒళ్లో పడి ఉంది. ఎడమ చేత్తో అన్నం పెట్టడం ఎంత అపచారమో ఆ గదిలో అందరికీ తెలుసు.

"పెట్టవ్వా, ఏ చేత్తో అయినా తింటాను," అంది మాణిక్యం, ముందుకు జరిగి.

ముసలామె తల అడ్డంగా ఊపింది. ఎడమ చేత్తో మెల్లగా ముద్ద చేసింది. సగం రాలిపోయింది, మళ్లీ కూడదీసింది. చేసిన ముద్దను మాణిక్యం వైపు కాకుండా పక్కకు తిప్పింది. పక్కన కూర్చున్న కోడలి కుడి చెయ్యి లాక్కుని, అరచేతిలో ఆ ముద్ద పెట్టి, ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా మూసింది.

హనుమక్క ఆ చేతిని చూసుకుంటూ ఉండిపోయింది. ఆమె కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కుడి చెయ్యి ఖాళీ లేదు.

"ఆకలేస్తోందక్కా," అంది మాణిక్యం. "పెట్టు."

హనుమక్క పెట్టింది. కారం నషాళానికి ఎక్కి మాణిక్యానికి పొలమారింది. శ్రీమన్నారాయణ కంగారుగా నీళ్లు అందించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ముద్దంతా నమిలి, మింగి, హనుమక్క ముందు మళ్లీ నోరు తెరిచింది.